కోతి గోత్రం చెల్లెలు

హిల్‌బ్రో, జోహన్నెస్‌బర్గ్
12 ఫిబ్రవరి 2006

అత్తయ్యా,

మీరు అక్కడ బాగుంటే నేనిక్కడ బాగున్నట్టే. సరిహద్దు దాటడానికి రెండు రోజులు పట్టింది. మీరు కట్టిచ్చిన వేరుశనగ ముద్దలే ఆదుకున్నాయి.

ఫ్లాటు పదకొండో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది కానీ నడవదు. లిఫ్టు దిగే గుంతలో చెత్త రెండో అంతస్తు దాకా పేరుకుపోయింది. రెండు గదులూ ఒక హాలూ, మొత్తం పదకొండు మందిమి. తాళ్ళు కట్టి దుప్పట్లు వేలాడదీసి వాటాలు చేశారు. నా వాటాలో ఒక పరుపూ, పరుపు పక్కన నేను నిలబడేంత చోటూ ఉన్నాయి. కిటికీ పక్క వాటాలోకి పోయింది. అక్కడ మాడూబే అనే పెద్దావిడ ఉంటుంది, మన దేశమే, బులవాయో మనిషి. రోడ్డు పక్కన ఉడకబెట్టిన గుడ్లూ కోడి కాళ్ళూ అమ్ముతుంది. నేను టీచర్నని చెప్పిన రోజున, "అయితే నీ ఇంగ్లీషు ఉడకబెట్టుకు తిను టీచరమ్మా, ఉప్పు నేనిస్తాను" అంది.

మూడు స్కూళ్ళకి వెళ్ళాను. నా సర్టిఫికెట్ మీద ఇక్కడి ఆఫీసు ముద్ర ఉండాలట, దానికి ఆరు నెలలు పడుతుందట. అందుకని ఇప్పుడు ఇళ్ళలో పని కూడా అడుగుతున్నాను. దారిలో ఎవరితోనూ నోరు విప్పను. ఎండ ఎంతున్నా పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటాను. మన టీకా మచ్చ ఉన్న చోటు చూసి పోలీసులు మనల్ని పట్టేస్తారని మాడూబే చెప్పింది. శుక్రవారం సందు చివర వాళ్ళ లారీ ఆగుతుంది. ఆ రోజు నేను కిందికి దిగను.

ఫ్లాటు ముట్సాగో గారి పేరు మీద ఉంది. మనవాళ్ళే, జెరేరా దగ్గర ఊరు, పెళ్ళాం పిల్లలు అక్కడే ఉంటారు. ఆయన మంచం తలుపు పక్కనే వేసి ఉంటుంది. తాళంచెవి మెళ్ళో కట్టుకుని రాత్రి తొమ్మిదింటికి తలుపు వేస్తే మళ్ళీ తెల్లవారి ఐదింటికే తీస్తాడు. నేను వచ్చిన సాయంత్రమే గోత్రం అడిగాడు. ఆయనదీ నాదీ ఒకటే అయింది. అప్పటినుంచి చెల్లెమ్మా అంటున్నాడు. కాబట్టి మీరు నా గురించి దిగులు పెట్టుకోకండి.

ఈ ఉత్తరం చిటోరో గారి బండిలో వస్తుంది. చిటోరో గారూ ముట్సాగో గారూ ప్రాణస్నేహితులు. మీరేం రాసినా ఆయన చేతికే ఇవ్వండి, భద్రంగా నాకు చేరుతుంది.

మీ శువాయి

—

గుటు
5 మార్చి 2006

పిల్లా శువా,

నీ ఉత్తరం చదివించుకోకుండా నేనే చదువుకున్నాను, కళ్ళజోడు దొరికింది. దొంగెవరో తెలుసా? మేక. సగం దండె నమిలేసింది. దారం కట్టుకుని చదివాను.

మన గోత్రం వాడు దొరికాడా! రెండుసార్లు చదివి లేచి చప్పట్లు కొట్టాను. మీ నాన్న పోయాక మన ఇంట్లో మగదిక్కు లేదని దెప్పి పొడిచే ఆ జోకో పెళ్ళాం గడప దాకా వెళ్ళి మరీ చెప్పొచ్చాను, "నా మేనకోడలికి జోనీలో అన్న దొరికాడు, మా గుండె గోత్రం వాడే, ఒక తల్లి కడుపున పుట్టినట్టే" అని. దాని మొహం చూసి తీరాల్సిందే.

ఇంతకీ ఏ గుండెవాళ్ళు? జెరేరా వైపు మనవాళ్ళు తక్కువే. వాళ్ళ తాత పేరు కనుక్కో. ఒకటి మాత్రం చెవిన వేసుకో. ఆ ఊళ్ళో కసాయి కొట్లలో ఎద్దు గుండె చవగ్గా దొరుకుతుందట. పక్కవాళ్ళు తెచ్చి మీ గిన్నెలో వండకుండా చూసుకోండి. మన గోత్రాన్ని మనమే తింటే పళ్ళు రాలిపోతాయి. మా చిన్నాయన రాత్రికి రాత్రి మూడు పోగొట్టుకున్నాడు. ఆయన తాగి గోడకి గుద్దుకున్నాడంటారు, వాళ్ళ మాటలు నమ్మకు.

మీ బళ్ళో పిల్లలు తొంభై మంది, ఒక్క టీచరు. ఆయన కూడా మూటా ముల్లే సర్దుతున్నాడట. సబ్బు దొరకడం లేదు. సరే, ఇదెప్పుడూ ఉన్నదే.

అన్న అంటే ఇంటికి పెద్దదిక్కు. ఆయన మాట జవదాటకు. నేను వీలు చూసుకుని జెరేరా వెళ్తాను. సగోత్రం వాళ్ళ గుమ్మం ఒకసారైనా తొక్కకపోతే పెద్దదాన్నని చెప్పుకోవడానికి నాకు సిగ్గు.

ఎండబెట్టిన ఆకుకూర పంపుతున్నాను. వేరుశనగ పొడి వేసి వండు.

మీ నాన్న చెల్లెలు,
ఎండైజివేయి

—

హిల్‌బ్రో
27 మార్చి 2006

అత్తయ్యా,

పలకరింపులకి టైము లేదు. మా చర్చిలో ఒకావిడ అంత్యక్రియలకి మసవింగో వెళ్తోంది. ఈ ఉత్తరం ఆవిడ రవికలో దాచుకుని తెస్తుంది. చిటోరో ఉత్తరాలన్నీ విప్పి చదువుతాడు, చదివి ముట్సాగోకి చెబుతాడు. అందుకే మొదటి ఉత్తరం అలా రాశాను. మీరు సంతోషపడిపోయారు. మీ జవాబు ఆకుకూర మూట అడుగున ఉండబట్టి వాడికి దొరకలేదు. తప్పు నాదే.

ముట్సాగోది మన గోత్రం కాదు. కోతి గోత్రం. నేను అబద్ధం చెప్పాను.

నేను వచ్చిన రోజు నా పరుపు మీద ఒక జత చెప్పులున్నాయి. ఎవరివని మాడూబేని అడిగాను. నాకంటే ముందు అక్కడున్న పిల్లవట. "పదకొండు అంతస్తులూ వట్టి కాళ్ళతో దిగిపోయింది. మళ్ళీ రాలేదు" అంది. ఎందుకని అడిగితే తలుపు పక్కనున్న మంచం వైపు చూసి, కోడి కాళ్ళు కడుక్కుంటూ కూర్చుంది. ఆ సాయంత్రం నా దుప్పటి కింద మగ పాదాలు కనిపించాయి. దుప్పటికి అవతల నిలబడ్డాడు. పిలవలేదు, దగ్గలేదు, అలా ఉండిపోయాడు. ఎంతసేపో నాకు తెలియదు. కాసేపటికి "గోత్రమేమిటమ్మాయ్?" అని అడిగాడు. మిగతావాళ్ళు ఆయన్ని ముకాన్యా అని పిలవడం విన్నాను, కోతి గోత్రం వాళ్ళనే అలా పిలుస్తారు కదా. నా నోట్లోంచి "కోతి గోత్రమండీ" అని వచ్చేసింది. చెల్లెలి వరసైతే ముట్టుకోడు కదా! ముట్టుకుంటే వంశానికే చేటు. ఆ పాదాలు కాసేపు అక్కడే ఉండి వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ క్షణాన బతికిపోయాననుకున్నాను.

ఇప్పుడు ఆయన నిజంగానే అన్న అయి కూర్చున్నాడు. చెల్లెలి కాగితాలు అన్న దగ్గర ఉండాలని నా పాస్‌పోర్టూ సర్టిఫికెట్లూ తీసుకున్నాడు. ఎక్కడ దాచాడో తెలియదు. ఎక్కడికి వెళ్ళినా వెంట వస్తాడు. యోవిల్‌లో ఒక పెద్దావిడ చిన్నపిల్లల బడి నడుపుతోంది. నన్ను చూసి, ఈస్టర్ అయ్యాక మంగళవారం నుంచి రమ్మంది. అత్తయ్యా, చాక్‌పీసూ పాటలూ ఉండే పని! కాగితాలు పట్టుకుని రావాలంది. ముట్సాగో వద్దన్నాడు. "మా ఇంటి ఆడపడుచు ఊళ్ళోవాళ్ళ పిల్లల ముక్కులు తుడుస్తుందా? నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు" అన్నాడు. నిన్న ఇంకో మాట అన్నాడు. చిటోరో నన్ను పెళ్ళికి అడిగాడట. "తండ్రి లేని పిల్లకి అన్నే తండ్రి. నీ కన్యాశుల్కం ఆవులు నా దొడ్లోకే వస్తాయి" అని నవ్వాడు. నేను అబద్ధమని ఒప్పుకుంటే మళ్ళీ దుప్పటి కింద పాదాలు. ఒప్పుకోకపోతే చిటోరో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంకొకటి కూడా చెప్పాలి. పోయిన ఆదివారం ఆయన ఎద్దు గుండె తెచ్చి టమాటాలతో వేయించాడు. మొదటి ముక్క చెల్లెలికే అని అందరి ముందూ నా చేతిలో పెట్టాడు. రెండు చేతులా తీసుకుని మొక్కాను. నమిలాను. మింగాను కూడా. ఆయన నా నోటివైపే చూస్తున్నాడు. మర్నాటి నుంచి వెనక పన్ను సలుపుతోంది. పుచ్చుపన్నేనని నాకు తెలుసు, పిల్లలకి నేనే పాఠం చెప్పేదాన్ని. అయినా రోజుకి పాతికసార్లు నాలుకతో కదిపి చూసుకుంటున్నాను.

వాళ్ళావిడ పేరు మాయిదేయి. నాకు వేరుశనగలు పంపింది, "మా ఆడపడుచుకి మోకరిల్లి పంపుతున్నాను" అని చీటీ పెట్టి. ఆ మంచిమనిషిని కూడా మోసం చేస్తున్నాను.

మీకు దండం పెడతాను, జెరేరా వెళ్ళకండి. వెళ్ళి మన గోత్రం చెప్పారంటే ఆ మాట మూడో రోజుకల్లా ఇక్కడికి చేరుతుంది. ఏం చెయ్యాలో చెప్పండి. నాన్న పేరు అమ్ముకున్నానని తిట్టాలంటే తర్వాత తిట్టండి.

భయంతో,
శువాయి

—

గుటు
2 ఏప్రిల్ 2006

శువా,

ఇంకో మనిషి ఎవరైనా రాసి ఉంటే ఈ ఉత్తరం తిట్లతో మొదలయ్యేది. నేను నీ తండ్రి చెల్లెల్ని కాబట్టి మొదట క్షేమం అడుగుతున్నాను. క్షేమమా?

శుక్రవారం జెరేరా వెళ్ళాను. కొత్త బట్ట కట్టుకుని, నశ్యం డబ్బా, కోడిపెట్టా పట్టుకెళ్ళాను. ముట్సాగో పెళ్ళాం మాయిదేయి నన్ను బాగానే కూర్చోబెట్టింది. బక్కపలచని మనిషి, మాట్లాడేటప్పుడు మోచేయి పట్టుకుని రుద్దుకుంటూ ఉంటుంది. నేను మర్యాదగా చప్పట్లు కొట్టి మన గుండె గోత్రం పొగడ్తలన్నీ ముత్తాతల దాకా పాడాను. పూర్తయ్యాక ఆమె మెల్లగా, "పెద్దమ్మా, ఈ ఇల్లు కోతి గోత్రం వాళ్ళది" అంది.

నేను నవ్వాను. "నా మేనకోడలు నీ మొగుడికి సగోత్రం చెల్లెలు. మేం గుండెవాళ్ళం. మరి మీరెవరు?" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి మొగుడి ఉత్తరం తెచ్చి చూపించింది. "మన కోతి గోత్రం పిల్ల దొరికింది" అని ఉంది. కోడిపెట్ట చంకలోంచి జారి రెక్కలు కొట్టుకుంటూ మంచం కిందికి పోయింది. దాన్ని పట్టుకునే ఓపిక కూడా నాకు లేదు.

మాయిదేయి ఏడవలేదు. "అలాగా. జోనీలో చెల్లెళ్ళంటే ఇలాంటివాళ్ళే అని మా ఊళ్ళో అంటూనే ఉన్నారు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నీ తండ్రి గోత్రం నువ్వు ఎందుకు దాచావు? ఆ మగవాడితో నీకేం సంబంధం? అలాంటిదేమీ లేకపోతే రక్తం దాచుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? రాత్రంతా ఆలోచించినా నాకు ఒక్క జవాబే తోచింది, అది నేను కాగితం మీద పెట్టను.

అందుకని పెద్దదానిగా చెయ్యాల్సింది చేశాను. "ఇక్కడ కూర్చుని కుమిలితే ఏమొస్తుంది? మొగుడు నీవాడు. కాపలా లేని జొన్న చేను కోతుల పాలే. వెళ్ళి నీ మంచం నువ్వు చూసుకో" అని చెప్పాను. తనకి వెళ్ళాలని లేదంది. "ఆయన కోపిష్టి" అంది. ఏ మగవాడు కాదు? మొండికేస్తుంటే కోప్పడ్డాను. నా చలికోటు కూడా ఇచ్చేశాను. పిల్లల్ని వాళ్ళమ్మ దగ్గర దింపి గురువారం చిటోరో బండి ఎక్కుతుంది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను, దాని ముందు నువ్వు తల వంచుకుని చదవాలి.

నిన్ను పెంచిన చేతులతో రాస్తున్నాను. మా అన్నయ్యే బతికుంటే ఏమనేవాడో.

ఎండైజివేయి

—

గుటు
7 ఏప్రిల్ 2006

శువా, నా తల్లీ,

నీ పెద్ద ఉత్తరం ఇప్పుడే అందింది. ఆ అంత్యక్రియల మనిషి పది రోజులు మసవింగోలోనే ఉండిపోయిందట.

నేను చేసేశాను. మాయిదేయి నిన్ననే బండి ఎక్కింది. శనివారం మధ్యాహ్నానికి నీ గుమ్మంలో ఉంటుంది. నా గోత్రం తనకి తెలుసు, నీ గోత్రం తెలుసు. దాన్ని వెళ్ళమని తోసింది నేనే. వెళ్ళనంటే కోప్పడింది నేనే. మోచేయి ఎందుకు రుద్దుకుంటోందో అడగలేదు. అడగకపోయినా చూస్తే తెలిసేది, నేను చూడలేదు.

ఈ ఉత్తరం ముందు అందితే ఒక్క క్షణం ఆగకు. కాగితాలు పోతే పోనీ. ఉద్యోగం పోతే పోనీ. వట్టి కాళ్ళతో అయినా దిగిపో.

మాస్టారి కొడుకు సైకిల్ మీద రోడ్డు దాకా వెళ్ళి దొరికిన బస్సువాడి చేతిలో పెడతానన్నాడు. అందుతుందో లేదో. వాడు వాకిట్లో ఎదురుచూస్తున్నాడు, ఆపేస్తున్నాను.

అత్త

—

17 ఏప్రిల్ 2006

అత్తయ్యా,

నేను బతికే ఉన్నాను, ముందు అది చెప్పాలి. పైన ఊరు రాయలేదు, కావాలనే రాయలేదు. మీ చివరి ఉత్తరం నిన్న మాడూబే చేతి మీదుగా చర్చిలో అందింది. అప్పటికే అంతా అయిపోయింది.

శనివారం మధ్యాహ్నం అందరూ ఇంట్లోనే ఉన్నారు. మాయిదేయి పదకొండు అంతస్తులూ ఎక్కి వచ్చింది, నెత్తిన వేరుశనగ మూట, ఒంటి మీద మీ కోటు. ముట్సాగో మంచం మీంచి లేవలేదు. "ఎవరు రమ్మన్నారు?" అన్నాడు. ఆమె ఆయనకి జవాబు చెప్పలేదు. "మా ఆడపడుచు ఎవరు?" అని అడిగింది. నేను దుప్పటి తప్పించి బయటికి వచ్చాను. ఆమె నా కాళ్ళ దగ్గర మోకరిల్లి, పద్ధతి ప్రకారం చప్పట్లు కొట్టింది. తర్వాత లేచి నిలబడి అందరికీ వినపడేలా, "నీ గోత్రమేమిటి వదినా?" అంది.

ఆయన నన్నే చూస్తున్నాడు. కోడి కాళ్ళు కోస్తున్న మాడూబే కత్తి కింద పెట్టేసింది. అబద్ధం చెప్పినా దొరుకుతాను, నిజం చెప్పినా దొరుకుతాను. అలాంటప్పుడు ఇక నాన్న పేరే చెబుదామనిపించింది.

"గుండె గోత్రం. అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఎందుకు?"

"భయమేసి."

"ఎవరంటే?"

నేను చెయ్యెత్తాను. తలుపు పక్క మంచం వైపు చూపించాను.

ఆయన లేచాడు. నేను గోడకి అతుక్కుపోయాను. మాయిదేయి ఆయన మొహం చూడలేదు, ఆయన చేతులు చూసింది. ముందు చేతులు చూడటం ఆమెకి అలవాటని అప్పుడు తెలిసింది. నా మీదికి వస్తుందనుకున్నాను. అలాగే నిలబడి, నాకు మాత్రమే వినపడేలా అంది:

"పన్నెండేళ్ళ కిందట నాకీ ఉపాయం ఎవరైనా చెప్పి ఉంటే, నేనూ ఆయన చెల్లెల్నే అయ్యేదాన్ని."



తర్వాత ఆమె గొంతు మార్చేసింది. గట్టిగా నవ్వి, "అయ్యో, పిచ్చిపిల్ల! పల్లెటూరి భయాలు. అది నేను చూసుకుంటాలే. పెళ్ళాం రెండు రోజులు బండిలో కూర్చుని వస్తే ఇంట్లో మాంసం ముక్క కూడా లేదా? మీ ముకాన్య పరువు ఇంతేనా?" అని అందర్నీ చూసి అంది. హాల్లోవాళ్ళు నవ్వారు. నలుగురి ముందూ కాదనలేక ఆయన నన్నో చూపు చూసి, మాంసానికి కిందికి దిగాడు. అన్ని మెట్లూ దిగి ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఆమె వస్తూనే లెక్క కట్టుకుంది కాబోలు.

ఆయన అడుగులు వినపడటం మానగానే ఆమె మంచం దగ్గరికి వెళ్ళి పరుపు తలవైపు కుట్టు విప్పింది. "ఇంట్లోనూ ఇక్కడే దాస్తాడు" అంది. నా పాస్‌పోర్టూ సర్టిఫికెట్లూ ఉన్నాయి. ఇంకా నాలుగు పాస్‌పోర్టులున్నాయి, అన్నీ ఆడపిల్లలవే. వాటిని మాడూబే ఒళ్ళో పడేసి, నా చెయ్యి పట్టుకుంది. "ముసలిదాన్ని, నన్నేం చేస్తాడు, పొండి పొండి" అని మాడూబే మమ్మల్ని తోసేసింది. వెనక మెట్ల దారిన చీకట్లో చెత్త తొక్కుకుంటూ దిగాం. ప్రతి అంతస్తులోనూ ఆమె ఆగి చెవి పెట్టి వినేది. మీ ఉత్తరం రోడ్డు మీదికి వచ్చాకే ఇచ్చింది. విప్పలేదు. "మీ అత్త మంచిదే, కానీ గట్టిగా మాట్లాడుతుంది" అంది.

రేపు బడిలో చేరుతున్నాను. ఇద్దరం చర్చివాళ్ళు చూపించిన గదిలో, ఇంకో ఐదుగురితో ఉంటున్నాం. మాయిదేయి బయటికి రాదు. మెట్ల మీద ఎవరు నడిచినా మాట ఆపేస్తుంది. నేనూ ఆపేస్తాను. తన పిల్లలు పుట్టింట్లో ఉన్నారు, వాళ్ళని అక్కణ్ణుంచి ఎలా తప్పించాలన్నదే ఆమె దిగులు. ఆయన మూడు రోజులుగా బండ్ల స్టాండులో ప్రతి డ్రైవర్నీ అడుగుతున్నాడని, చిటోరో గుటు దారి పట్టాడని మాడూబే కబురు పంపింది.

ఈ ఉత్తరానికి జవాబు రాయకండి. రాస్తే మేమెక్కడున్నామో దారిలో తెలిసిపోతుంది. మళ్ళీ నమ్మకమైన చేతులు దొరికాక నేనే రాస్తాను, ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు.

చిటోరో అయినా, ఆయనే అయినా మీ వాకిట్లోకి వచ్చి నా గురించి అడుగుతారు. నాన్న పేరు దాచానని మీరెంత బాధపడ్డారో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. గట్టిగా, జోకో పెళ్ళానికి కూడా వినపడేలా చెప్పండి, మీకు అన్నయ్య లేడని, మేనకోడలు అసలే లేదని.

శువాయి